తిరిగి ఈడికే వచ్చే నడక

మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను ఫిజియోథెరపీ చేయిస్తాను. పక్షవాతం వచ్చినవాళ్ళు, మోకాళ్ళు అరిగినవాళ్ళు, కాలో చెయ్యో విరిగి కట్లు విప్పించుకున్నవాళ్ళు నా దగ్గరికి వస్తారు. ఎక్కువమంది వయసు మళ్ళినవాళ్ళే. కాలు ఎత్తమంటే కొందరు తిడతారు, కొందరు ఏడుస్తారు. కొందరైతే కళ్ళు మూసుకుని నిద్రపోయినట్టు పడుకుంటారు. బతిమాలి, కసిరి, నవ్వించి ఏదో ఒకలా చేయిస్తాను. ఆసుపత్రిలో నాకు ఆ పనిలో మంచి పేరే ఉంది. ఇంట్లో మాత్రం మా అత్తను కుర్చీలోంచి లేపలేకపోయాను.

ఆమెకు షుగరుందని తెలిసి, మోకాళ్ళ నొప్పులు కూడా ఎక్కువైనప్పుడు మా ఆసుపత్రికే తీసుకుపోయాను. డాక్టరు నాకంటే చిన్నవాడు. రిపోర్టులు చూసి, "అవ్వా, మాత్రలు రాస్తా. కానీ మాత్రలొక్కటే చాలవు. రోజూ నడవాల. ఒళ్ళు కదలకపోతే ఈ కీళ్ళు బిగుసుకుపోతాయి" అన్నాడు.

"నడిచింది సాల్లేదా సామీ?" అంది మా అత్త.

డాక్టరు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆటోలో ఇంటికి వస్తున్నప్పుడు "ఆ పిల్లప్ప డాక్టరుకు తెలీదు లే. నువ్వన్నా సెప్పాల్సింది పాపా" అంది.

"ఏం చెప్పాల అత్తా?"

"నేను నడిచినానని."

ఆమె నడిచిన సంగతి నాకు బాగా తెలుసు. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన కొత్తలోనే విన్నాను, ఆ తరువాత కూడా వింటూనే ఉన్నాను. వాళ్ళది పుంగనూరు దగ్గర పల్లె. సెంటు భూమి లేదు. మా మామ చింతచెట్టు దులపడానికి ఎక్కి పడి చనిపోయేనాటికి పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు. ఆడపిల్ల పెద్దది, మగపిల్లవాడు చంకలోవాడు. అప్పటినుంచి ఆమె వంగని మడి లేదు. చెనిక్కాయల కాలంలో కలుపు, టమోటాల కాలంలో కోత. కోసిన టమోటాలు బుట్టల్లో నెత్తిన పెట్టుకుని, గెనాల మీదుగా, ఆ మడి గట్ల మీదుగా నడిచి, లారీ నిలిచే రోడ్డుదాకా మోసేది. పని లేని రోజుల్లో గడ్డి కోసి మోపు కట్టుకుని పుంగనూరుకు నడిచిపోయి అమ్మేది. అట్లా ఇద్దర్నీ చదివించింది. కూతురు కుప్పంలో టీచరు. కొడుకు, అంటే మా ఆయన, ఇక్కడ కరెంటు ఆఫీసులో గుమాస్తా.

మా ఆయనకు ఉద్యోగం వచ్చిన రోజు ఆమె మడిలోనే ఉందట. కబురు తెలిసి ఇంటికి వచ్చి, కొడవలిని శుభ్రంగా కడిగి, తుడిచి, చెల్లెలి చేతికిచ్చేసిందట. "ఇంక నా నడుము ఎవురి మడిలోనూ వంగదు" అందట. ఈ మాట ఆమె ఎవరికి చెప్పినా, చెప్పేటప్పుడు కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చునేది.

మదనపల్లెలో మేము అద్దెకుండే ఇంటికి ముందర చిన్న వరండా ఉంది. అక్కడ ఆమెకోసం మా ఆయన ఒక మెత్త కుర్చీ తెచ్చి వేశాడు. పొద్దున కాఫీ తాగి అందులో కూర్చుంటే మధ్యాహ్నం బువ్వకు లేచేది. తిని మంచం మీద ఒరిగేది. సాయంత్రం నుంచి టీవీ. మంచినీళ్ళు కూడా మేమే తెచ్చివ్వాలి. అది బద్ధకం కాదని నాకు తెలుసు. జీవితమంతా ఎవరికో నీళ్ళు మోసిన మనిషి, తనకు ఒకరు నీళ్ళు తెచ్చివ్వడాన్ని ఇష్టంగా చూసుకునేది. గ్లాసు అందుకుని, నీళ్ళవైపు ఒకసారి చూసి, నెమ్మదిగా తాగేది.

కానీ నా కళ్ళు నా చదువు కళ్ళు. మొదట ఆమె కిందకూర్చుని తినడం మానేసింది. తరువాత మేడమీదికి రావడం మానేసింది. కుర్చీలోంచి లేవడానికి ఒక చేతి ఊతం కావాల్సి వచ్చింది, ఆ తరువాత రెండు చేతులు. ఒక పొద్దున లేవబోయి మళ్ళీ కుర్చీలో కూలబడి, నేను చూశానేమోనని ఇటు చూసింది. నేను వంటింట్లోకి తప్పుకున్నాను. ఆసుపత్రికి వచ్చేవాళ్ళు పడిపోయిన తరువాత వస్తారు. ఈమె పడిపోవడానికి ఎంత దూరంలో ఉందో నాకు రోజూ కనిపిస్తూ ఉండేది.

ముందు ఇంట్లోనే మొదలుపెట్టాను. కుర్చీలో కూర్చునే చేసే చిన్న కసరత్తులు. కాలు ముందుకు చాపి కాసేపు పట్టి దించడం, మడమలు పైకెత్తడం, చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. నేను ఎదురుగా స్టూలు వేసుకుని చేసి చూపిస్తే, ఆమె కొన్ని రోజులు నా ముఖం చూసి చేసింది. "నీకోసరం సేస్తాండా" అని ప్రతిసారీ చెప్పేది. సరే, ఎవరికోసమైతే ఏమి అనుకున్నాను.

ఒక సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి ఆమె ముఖం మాడ్చుకుని ఉంది. స్టూలు తెచ్చి ఎదురుగా కూర్చోబోతే, "వద్దు" అంది.

"యాల అత్తా? ఎందుకొద్దు?"

"ఎదురింటామె అడిగింది. 'ఏమ్మా, నీ కోడలు ఈ వయసులో నీ సేత గుంజీలు తీయిస్తాండాదే, ఏం తప్పు సేసినావ'ని. నవ్వతా అడిగిందిలే. అయినా నాకు తల కొట్టేసినట్టాయె."

"గుంజీలు కాదు కదత్తా ఇవి."

"నీకు తెలుసు, నాకు తెలుసు. వీధికి తెల్దు గదా."

ఆసుపత్రిలో నేను తెల్లకోటు వేసుకుని కాలు ఎత్తమంటే అది వైద్యం. అదే ఇంట్లో చీర కట్టుకుని అంటే కోడలి పెత్తనం. స్టూలు లోపల పెట్టేశాను.

వరండాలో కనబడితే కదా ఈ మాటలు అని, బయటికి తీసుకుపోదామనుకున్నాను. మా ఇంటికి దగ్గర్లో ఒక స్కూలు మైదానం ఉంది. పొద్దున్నే చాలామంది నడుస్తారు. ఒక ఆదివారం ఆమెను బలవంతంగా బయల్దేరదీశాను. మంచి చీర కట్టుకుంది, తల దువ్వుకుంది, బొందుచెప్పులు వేసుకుంది. ఎవరింటికో పోతున్నట్టు చేతిసంచి కూడా పట్టుకుంది. చలికాలం. మైదానం మీద మంచు ఇంకా పూర్తిగా పోలేదు. స్వెట్టర్లు, మంకీటోపీలు పెట్టుకున్న మగవాళ్ళు, బూట్లు వేసుకున్న ఆడవాళ్ళు గుండ్రంగా తిరుగుతున్నారు.

ఆమె గేటు దగ్గరే ఆగిపోయింది. కాసేపు చూసి, "వీల్లంతా యాడికి పోతాండారు?" అంది.

"యాడికీ పోరు అత్తా. చుట్టూ తిరిగి మళ్ళీ ఈడికే వస్తారు."

"తిరిగి ఈడికే వచ్చేదానికి యాల పోయేది?"

ఎకసెక్కం కాదు. నిజంగానే అడిగింది. నేను గుండె గురించి, రక్తంలో చక్కెర గురించి, కండరాల గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె వింటున్నట్టు తల ఊపింది. కానీ ఆమె కళ్ళు నడిచేవాళ్ళ వెంటే తిరుగుతున్నాయి. నెత్తిన ఏమీ లేకుండా, చేతిలో ఏమీ లేకుండా, ఎవరూ పిలవకుండా అంతమంది పొద్దున్నే అంత వేగంగా నడవడం ఆమె ఎన్నడూ చూసి ఎరగదు. నా చెయ్యి పట్టుకుని ఒక చుట్టు తిరిగింది. మళ్ళీ గేటు దగ్గరికి రాగానే, "వచ్చేసినాం గదా, ఇంటికి పోదాం" అంది. మళ్ళీ రమ్మంటే రాలేదు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఆమెకు నడక చేతకాక కాదు, ఊరికే నడవడం చేతకాదు అనిపించింది. అట్లయితే ఎక్కడికో ఒక చోటికి నడిపించాలి. మా వీధి చివర మలుపు తిరిగి కొంచెం దూరం పోతే ఒకతను ఆవుల్ని పెట్టుకుని పాలు పోస్తాడు. "ప్యాకెట్ పాలు నీళ్ళల్లే ఉండాయి అత్తా. నాకు పొద్దున తీరదు. నువ్వు పోయి తెస్తావా?" అన్నాను.

"ఆ ప్యాకెట్టు పాలు పాలేనా!" అంది ఆమె. మర్నాడు పొద్దున నేను లేచేసరికే స్టీలు క్యాను కడిగి పెట్టుకుని కూర్చుని ఉంది.

ఆ కొన్ని వారాలు నాకు పండగే. ఆమె పోయేది, ఆవుల దగ్గర నిలబడి, పితికే అతనికి నాలుగు సలహాలు చెప్పి, పాలు తీసుకుని వచ్చేది. మొదట్లో దారిలో ఒక అరుగు మీద కూర్చుని వచ్చేది. తరువాత తరువాత కూర్చోకుండానే వచ్చేది. కుర్చీలోంచి ఒక చేతి ఊతంతో లేవడం మళ్ళీ మొదలైంది. పాలు కాచేటప్పుడు వంటింట్లోకి వచ్చి, "మీగడ సూడు ఎట్ల కడతాండాదో" అని నిలబడేది. నిలబడేది! నేను కూర్చోమనేదాన్ని కాదు.

ఒక సాయంత్రం మా ఆయన ఆఫీసునుంచి కోపంగా వచ్చాడు. వాళ్ళమ్మను ఏమీ అనలేదు. నన్ను లోపలికి పిలిచాడు.

"మా అమ్మ పాల క్యాను పట్టుకుని రోడ్డుమీద పోతా ఉంటే మా ఆఫీసాయన చూసినాడంట. 'పెద్దామెను పాలకు పంపిస్తాండారు, ఇంట్లో ఎవురూ లేరా' అని అందరి ముందరా అడిగినాడు."

"అది నడకకోసం. పాలకోసం కాదు" అన్నాను.

"నాకు తెలుసు. కానీ మా అమ్మ మోసింది చాలు. ఇంక ఎవురికోసరమూ ఏదీ మోయకూడదు. ఒక్క క్యాను కూడా."

నాతో వాదించడానికి చెప్పినట్టు లేదు. చిన్నప్పుడు గెనెం మీద కూర్చుని తల్లి బుట్ట మోసుకుంటూ పోవడం చూసిన పిల్లవాడి మాట అది. నేను కండరాల గురించి చెబితే ఆ మాటకు జవాబవుతుందా? అయినా చెప్పాను. రెండు రోజులు మా ఇంట్లో ఇదే గొడవ. లోపల మంచం మీద ఆమె అంతా వింటూనే ఉంది. మూడో పొద్దున పాలతను కొడుకు వచ్చి గుమ్మంలో పాలు పోసిపోయాడు. మా ఆయన మాట్లాడి పెట్టాడు. క్యాను అటకమీదికి పోయింది.

"నా గురించి మీరిద్దరూ యాల కొట్లాడేది? నేను కూసుంటాలే" అంది మా అత్త. చెప్పినట్టే కూర్చుంది.

తరువాతి ఏడు ఆమె కొన్ని నెలలు కుప్పంలో కూతురింట్లో ఉంది. అక్కడ మా వదిన ఉండే వీధి పక్కనే ఒక చిన్న హాల్లో, పెద్దవయసు ఆడవాళ్ళచేత కసరత్తులు చేయించే ఒకామె ఉందని వదిన ఫోనులో చెప్పింది. "అమ్మను కూడా పంపిస్తాండా పాపా. మానకుండా పోతాంది" అంది. నేను నమ్మలేదు. అత్తతో మాట్లాడితే ఆమె గొంతు హుషారుగా ఉంది. "పొద్దన్నే పోవాల. ఆలస్యమైతే ఆళ్ళు ఊరుకోరు" అంది. ఫోను పెట్టేశాక నేను ఇంట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నేను చేయలేనిది ఎవరో చేశారని కొంచెం ఈర్ష్య కూడా కలిగింది. చూసి రావాలని సెలవు పెట్టి, పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సు పట్టుకుని కుప్పం పోయాను.

మర్నాడు పొద్దున ఆమె నాకంటే ముందే తయారై, నన్ను తొందరపెట్టి, వీధి దాటి హాలుకు నడిచింది. ఊతకర్ర లేదు. నేను వెనక నడుస్తూ ఆమె అడుగులే చూస్తున్నాను. హాలు ముందర, "నువ్వు ఈడ నిలబడు, లోపల ఇరుకు" అని నన్ను కిటికీ దగ్గర ఆపింది.

లోపల ఆడవాళ్ళు గుండ్రంగా నిలబడ్డారు. నేర్పించే ఆమె సగం తెలుగులో సగం అరవంలో లెక్కపెడుతూ ఉంటే చేతులు లేస్తున్నాయి, దిగుతున్నాయి. మా అత్త ఎక్కడుందా అని వెదికాను. తలుపు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. ఒడినిండా సంచులు, కళ్ళజోళ్ళు, ఫోన్లు. పక్కన గోడకు ఊతకర్రలు. అందరి సామాన్లకూ కాపలా.

"ఓ పలమనేరామా! సెయ్యి పైకెత్తు, సగంలోనే ఆపేస్తాండావు!" అని అరిచింది. ఆ పలమనేరు ఆమె నవ్వి చెయ్యి పూర్తిగా పైకెత్తింది.

అయిపోయాక నేర్పించే ఆమె నా దగ్గరికి వచ్చి, "మీ అత్త ఉంటే వీళ్ళెవరూ మానరమ్మా. ఒక రోజు రాకపోతే అందరూ అడుగుతారు" అంది.

"మరి ఆమె చెయ్యదా?"

నేర్పించే ఆమె పెదవి విరిచింది. "ఎంత అడిగినా చెయ్యదు."

దారిలో అత్తను అడిగాను. "నువ్వూ చేస్తే బాగుంటుంది కదత్తా?"

"నేనూ సేస్తే ఆ సామాన్లు ఎవురు సూస్తారు?" అంది. ఇంటికి వచ్చాక వదినకు చెబితే ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. "నాకు తెలుసు పాపా. ఇంట్లోంచి బయటికి అడుగుపెడతాంది గదా, అదే పదివేలు అనుకో" అంది. అనుకున్నాను. వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అదే అనుకుంటూ వచ్చాను. పోయి రావడం ఉంది, పీటమీదినుంచి లేవడం కూర్చోవడం ఉంది. ఏమీ లేనిదానికంటే ఇది నయం.

ఎండాకాలం వచ్చింది. ఆ హాలుకు రేకుల కప్పు. పొద్దున్నే కాలిపోతుందని కసరత్తులు ఆపేశారు. ఎండలు తగ్గాక నేర్పించే ఆమె కూతురి కాన్పుకని ఊరికి పోయింది. మళ్ళీ మొదలుకాలేదు. ఆ ఆడవాళ్ళు ఎవరిళ్ళల్లో వాళ్ళు కూర్చున్నారు. మా అత్త వదిన వాళ్ళింట్లో టీవీ ముందర కూర్చుంది. నేను ఫోనులో చెప్పాను, వదిన దగ్గరుండి చెప్పింది. ఆమె "ఊఁ" అంది.

వానలు మొదలైన రోజుల్లో, ఒక పొద్దున స్నానాలగదిలో పీటమీదినుంచి లేవబోయి ఆమె పడిపోయింది. జారి కాదు. లేవడానికి కాళ్ళలో సత్తువ చాలక. వదిన ఏడుస్తూ ఫోను చేసినప్పుడు నేను ఆసుపత్రిలో ఒక పేషెంటు మోకాలు వంచుతున్నాను. ఏ కాలు, పాదం ఎటు తిరిగి ఉంది అని అడిగాను. వదిన చెప్పగానే తుంటి విరిగిందని నాకు అర్థమైపోయింది. ఎదురుగా ఉన్న పేషెంటు, "ఏమమ్మా?" అంది. "ఏం లేదవ్వా, ఇంకొకసారి వంచు" అన్నాను.

అంబులెన్సులో మా ఆసుపత్రికే తెచ్చారు. ఆపరేషన్ అయింది. ఇలాంటి ఆపరేషన్ అయ్యాక ఎంత తొందరగా నిలబెడితే అంత మంచిది. నా తోటి థెరపిస్టు నన్ను పక్కన కూర్చోమని, తాను చేయిస్తానన్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకోనంది. "మా పాపే లేపాల" అంది. ఆ మాటకు నాకు ప్రాణం లేచి వచ్చింది. అదెంతోసేపు నిలవలేదు. లేపి, వాకరు పట్టించి, బరువు కాలిమీద వేయమనగానే ఆమె గట్టిగా అరిచింది.

"నొప్పి మే! ఇడిసిపెట్టు!"

"ఒక్క అడుగు అత్తా. ఒక్కటే."

"ఏం పగ మే నీకు నా మీద?"

వార్డులో పక్క మంచాలవాళ్ళందరూ మావైపు తిరిగారు. నేను ఆమె కోడలినని అందరికీ తెలుసు. మంచం పక్కనున్న మా ఆయన, "ఆపు. నావల్ల కాదు చూసేదానికి" అని వరండాలోకి వెళ్ళిపోయాడు. నా చేతులు ఆమె నడుం చుట్టూ ఉన్నాయి. ఆమె ఒళ్ళంతా వణుకుతోంది. ఆపేస్తే ఆమె ఇంక లేవదని తెలుసు. ఆపకపోతే ఆమె దృష్టిలో నేనేమవుతానో అదీ తెలుసు. ఆపలేదు. ఆమె ఏడుస్తూ ఒక అడుగు వేసింది. ఇంకోటి వేసింది. ఆసుపత్రినుంచి పంపించే రోజుకు వాకరుతో తలుపుదాకా పోయి రాగలిగింది. డాక్టరు మెచ్చుకున్నాడు. ఆమె డాక్టరుకు దండం పెట్టింది, నావైపు చూడలేదు.

ఇంటికి వచ్చాక నా మీద కోపం పోయింది. కోపం ఉన్నా బాగుండేదేమో. ఆమె నామీద జాలిపడటం మొదలుపెట్టింది. సాయంత్రం నేను డ్యూటీనుంచి వచ్చి, "అత్తా, లే, నడుద్దాం" అంటే, "పొద్దన్నుంచి ఎంతమందిని లేపినావో ఏమో. సేతులు నొప్పి పుట్టింటాయి. కూసో, కాఫీ తాగు. మనం ఇంట్లోవాళ్ళం గదా, యాడికి పోతాం" అనేది. అంత ప్రేమగా తప్పించుకునే పేషెంటు నాకింతవరకూ తగల్లేదు. నేను కాఫీ తాగేసరికి ఆమె కళ్ళు మూతలు పడేవి. వాకరు మంచం పక్కన గోడకు ఆనించి ఉండేది. దానిమీద తుండుగుడ్డ ఆరేసుకునేది.

మా ఆయనకూ అప్పటికి భయం పట్టుకుంది. "అమ్మా, లేయమ్మా. ఆమె చెప్పినట్టు చెయ్యి" అని బతిమాలేవాడు. పాల క్యాను సంగతి నేనెత్తలేదు. అతనే ఒకరోజు అటకమీదికి చూసి, తల దించుకుని వెళ్ళిపోయాడు.

టమోటా కోతల కాలంలో ఆమె చెల్లెల్ని చూడాలని పట్టుబట్టింది. మా ఆయన కారు మాట్లాడుకుని వచ్చాడు. పుంగనూరు దాటి ఆ పల్లెకు పోయేసరికి పొద్దు బాగా పైకొచ్చింది. చెల్లెలు ఇంట్లో లేదు. మడిలో ఉందన్నారు. కారును మడి పక్క మట్టిరోడ్డులో ఆపాం. మా అత్తకంటే చెల్లెలు మరీ చిన్నదేమీ కాదు. సన్నగా, నిటారుగా, టమోటా ఆకుల పసరుతో నల్లబడిన చేతులు చీరకు తుడుచుకుంటూ గబగబా వచ్చింది.

"రాక్కా! తోట సూద్దువు గానీ రా. ఈ తూరి కాయ ఎట్ల కాసిందో!"

మా అత్త ముఖం వెలిగిపోయింది. కారులోంచి దిగడానికి నేను సాయం చేస్తే, దిగి వాకరు పట్టుకుని మట్టిలోకి నడిచింది. వాకరు కాళ్ళు మెత్తటి మట్టిలో దిగబడుతున్నాయి. అయినా ఆగలేదు. నేను వెనకే, చేతులు చాపి. "పట్టుకోవద్దు" అంది.

మడికి ముందర ఒక గెనెం. మోకాలంత ఎత్తు కూడా లేదు. అటువైపు చెల్లెలు నిలబడి ఉంది. ఎన్ని వేలసార్లు నెత్తిన బరువుతో దాటి ఉంటుందో అలాంటి గెనాన్ని. ఆమె వాకరును గెనెం మీద పెట్టింది. మంచి కాలు ఎత్తబోయింది. మడమ నేలనుంచి లేచింది, పాదం లేవలేదు. మళ్ళీ ప్రయత్నించింది. వాకరు పక్కకు ఒరిగి పడిపోయింది. నేను ఆమెను పట్టుకున్నాను. అటునుంచి చెల్లెలు చెయ్యి అందించింది. ఆ చెయ్యి అందుకుని కూడా ఆమె కాలు ఎత్తలేకపోయింది.

మడిలో కోత కోసే ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. ఆమె నావైపు తిరిగింది. కోపంగా కాదు, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"ఇట్లయితాదని ముందే యాల సెప్పలేదు పాపా?"

మా ఆయన కారువైపు ముఖం తిప్పుకున్నాడు. చెల్లెలు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "సెప్పింటాదిలే అక్కా" అంది మెల్లగా. నేనేం చెప్పను? చెప్పినానంటే ఆ మడి ముందర ఆమెను ఓడించినట్టు. చెప్పలేదంటే అబద్ధం. "నా భుజం పట్టుకో అత్తా" అని మాత్రం అన్నాను. పట్టుకుంది. చెల్లెలే గెనెం దాటి ఇటు వచ్చింది. కారు తలుపు తెరిచి పెట్టుకుని, ఆ సీట్లో కూర్చునే మా అత్త చెల్లెలితో మాట్లాడింది. చెల్లెలు నాలుగు టమోటాలు ఆమె ఒడిలో పోసింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఆమె మంచం మీద కూర్చుని, కాలు ముందుకు చాపుతూ ఉంది. "ఇట్లేనా పాపా?" అని అడిగింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొన్ని రోజులు తానే అడిగి చేసింది. గోడ పట్టుకుని వంటింటిదాకా వచ్చింది. ఈసారి నిలుస్తుందని నేను ధైర్యం చేసి ఎవరితోనూ అనలేదు. చలి ముదిరింది. మదనపల్లె చలికి విరిగిన ఎముక సలపరిస్తుంది. ఒక రోజు ఆపింది, మరో రోజు ఆపింది. ఆ తరువాత అడగడం మానేసింది.

ఇప్పుడు నేను డ్యూటీకి పోయేముందు ఆమె మంచం పక్కన కూర్చుని, ఆమె కాలు నా చేతుల్లోకి తీసుకుని వంచి చాపుతాను. నిన్న పొద్దున అలా చేస్తుంటే అడిగింది.

"నువ్వు ఎత్తితే నాకు బలం వస్తాదా?"

"రాదత్తా. నువ్వు ఎత్తితేనే వస్తుంది."

"మరి నువ్వు యాల ఎత్తతాండావు?"

"బిగుసుకుపోకుండా."

ఆమె రెండో కాలిని తన చేతులతోనే పట్టుకుని ఎత్తి, నా ఒడిలో పెట్టింది.